పరాగ్వేలో ఎత్తిపోతల పథకం

ఆ రోజుల్లో మాకు మోకాళ్ళు ఉన్నాయన్న సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అవే గుర్తుచేస్తున్నాయి. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు, అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఇద్దరం సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లం, పిల్లల్లేరు, ఇంటి లోన్ లేదు, ఆ మాటకొస్తే సోఫా కూడా లేదు (సినిమా చూడాలంటే పరుపు హాల్లోకి లాక్కునేవాళ్ళం). పాలడబ్బా కావాలన్నా కారెక్కాల్సిన ఊళ్ళో ఉంటూ, వీపున సంచి తగిలించుకుని ఖండాలు చుట్టిరావాలని కలలు కనేవాళ్ళం. ఆ వయసులో లోకమంతా మనకోసమే ఎదురుచూస్తోందన్న భ్రమ ఒకటుంటుంది కదా. నాకు ఆ భ్రమతోపాటు ఒక దిగులు కూడా ఉండేది. మా ఆయనకి నేనంటే ఇష్టమో కాదో నాకు తెలిసేది కాదు.

చెడ్డవాడని కాదు. గిన్నెలు తోమేవాడు, మంచు పడిన పొద్దున నాకంటే ముందు లేచి నా కారు అద్దం గీకి పెట్టేవాడు, గొంతు పెంచి ఒక్కమాట అనేవాడు కాదు. కానీ ఎంగిలి దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషి ఆమడ దూరం. గుంటూరు దగ్గర నాయనమ్మ పెంపకం. నీళ్ళసీసా మూతికి తగలనివ్వడు. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి ధార పోసుకుంటాడు. బెంటన్‌విల్ స్నేహితులు ఆయనకి ‘ఎత్తిపోతల పథకం’ అని పేరు పెట్టారు. ఒకసారి కాఫీషాపులో మూత తీసి వేడివేడి కాఫీని కూడా అలాగే పోసుకోబోయి మెడంతా కాల్చుకున్నాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలడు అన్న సామెత పిసినారుల గురించి పుట్టిందంటారు గానీ, మా ఆయన వంశంలో ఎవర్నో చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం.

నేనేమో వరంగల్ పిల్లని. మా ఇంట్లో పదిమంది పిల్లలం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని, ఎవరి చేతికందిన ముద్ద వాళ్ళం తిని పెరిగాం. మాకు ఎంగిలంటే చనువు. అలాంటిదాన్ని, ఇండియన్ స్టోర్‌లో బంగారం ధర పెట్టి కొన్న జామకాయ కొరికి ప్రేమగా ఆయన నోటికి అందిస్తే, లేచి వెళ్ళి కత్తి తెచ్చి, ఒక ముక్క కోసుకుని మిగతాది నా చేతిలో పెట్టాడు. ఐస్‌క్రీమ్ ఒకే కప్పులో తిందామంటే తన సగాన్ని ఇంకో గిన్నెలోకి తీసుకున్నాడు. నీ కాఫీ ఒక గుక్క ఇవ్వవా అంటే నాకు కొత్త కాఫీ ఆర్డర్ చేశాడు. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఒకరోజు మా అమ్మకి ఫోన్ చేసి, “అమ్మా, ఈయనకు నేనంటే అసహ్యమేమోనే” అన్నాను. “నీటుగుండే మొగుడు దొరికిండని సంతోషపడక, ఎంగిలి తింటలేడని ఏడుస్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?” అని పెట్టేసింది. అమ్మలు అంతే.

ఆ ఏడాది మిగిలిపోయిన సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. “అందరూ పెరూ వెళ్ళి ఆ కొండమీద అదే ఫోటో దిగొస్తారు. ఎవరూ వెళ్ళని చోటుకి పోదాం. పరాగ్వే బుక్ చేస్తున్నా” అన్నాడు మా ఆయన. “పరాగ్వేలో ఏముంది బ్రో చూడ్డానికి?” అని ఒక స్నేహితుడు అడిగితే, “ఏమీ లేదేమో, చూసొచ్చి చెప్తాం” అన్నాడు. ఈ ప్రయాణంలో ఏదో ఒకటి తేలిపోవాలని నేను లోపల గట్టిగా అనుకున్నాను. ఇంట్లో అయితే ఎవరి గ్లాసు వాళ్ళకి ఉంటుంది, ఒక్క సంచితో తిరిగేచోట మొగుడూ పెళ్ళాలు ఎంతకాలం వేరుగా ఉంటారులే అని నా ధైర్యం. ఆయన సంచి సర్దుతుంటే తొంగిచూశాను. రెండు స్టీలు గ్లాసులు, రెండు పళ్ళేలు, రెండు చెంచాలు. సంచిలో కూడా రెండు వాటాలే.

పరాగ్వేలో దిగామో లేదో ఎండ పెనంలా కాలుతోంది, మా వరంగల్ మే నెలలాగా (నాకు ఎంత హాయనిపించిందో). ఆ ఎండకి వాళ్ళ దగ్గరొక విరుగుడుంది. టెరెరే అంటారు. కొమ్ముతో చేసిన కప్పులో ఎండుటాకు పొడి నింపి, అడుగున జల్లెడలా చిల్లులున్న ఇనప గొట్టం గుచ్చి, పైనుంచి ఐసునీళ్ళు పోసి పీలుస్తారు. చేదుగా, చల్లగా, ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది. బ్యాంకు ముందు గార్డు, బడి ముందు మాస్టర్లు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు, అందరి పక్కనా పెద్ద నీళ్ళ ఫ్లాస్కు ఉంటుంది. ఇందులో విశేషమేమిటంటే, ఎంతమంది ఉన్నా కప్పొకటే, గొట్టమూ ఒకటే. ఒకరు నీళ్ళు పోసి అందిస్తారు, తీసుకున్నవాళ్ళు అడుగంటా పీల్చి తిరిగిస్తారు, మళ్ళీ పోసి పక్కవాళ్ళకిస్తారు. తుడవడమన్న మాటే లేదు. మొదటిసారి ఆ దృశ్యం చూసి మా ఆయన మొహం కాకరకాయరసం తాగినట్టయింది. ఎంగిలిని జాతీయ పానీయంగా చేసుకున్న దేశానికి, ప్రపంచపటంలో అన్ని దేశాలుండగా, ఆయనే ఏరికోరి టికెట్ కొన్నాడని నాకు నవ్వాగలేదు.

అసలు కథ ఆ దేశం ఉత్తరానికి పోయే బస్సులో జరిగింది. రాత్రి వాన పడిందట, ఎర్రమట్టి రోడ్డంతా బురద. ఊరూ పేరూ లేని చోట బస్సు చక్రాలు దిగబడిపోయాయి. ట్రాక్టర్ వచ్చి లాగేదాకా ఇంతేనని డ్రైవర్ చేతులెత్తేశాడు. అందరం దిగి చెట్టునీడన గుండ్రంగా కూర్చున్నాం. మాకు ఎదురుగా ఒక అవ్వ, మనిషి భారీగా, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని. వాళ్ళ భాషలో అందరూ ఆమెని అవ్వా అనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఆమె కప్పు తీసి పోయడం మొదలుపెట్టింది. వరస డ్రైవర్‌తో మొదలై, బంగారు పన్ను టోపీ పెద్దాయన మీదుగా, పిల్లలతల్లి మీదుగా మా ఆయన దగ్గరికొచ్చింది. ఆయన తర్వాత నేను.

మొదటి చుట్టు ఆయన వద్దని చెయ్యూపాడు. నేను తాగాను. రెండో చుట్టూ అంతే. మూడో చుట్టుకి మా సీసాలో నీళ్ళు అయిపోయాయి, ఆయన పెదాలు ఎండిపోయాయి, కళ్ళు తిరుగుతున్నాయని నుదురు పట్టుకున్నాడు. అవ్వ ఊరుకోలేదు. కప్పు తెచ్చి ఆయన చేతిలో పెట్టి నిలబడింది. మా ఆయన కప్పుకేసి చూశాడు, నాకేసి చూశాడు. తర్వాత, ఆ దేశం పుట్టాక ఏ మనిషీ చెయ్యని పని చేశాడు. గొట్టం పీకేసి, తల వెనక్కి వాల్చి, కప్పు జానెడు ఎత్తుకి లేపి నోట్లోకి ధార పోశాడు. ధార ఏదీ? నానిన ఆకంతా ముద్దగా ఊడి వచ్చి మొహాన పడింది. ముక్కులో ఆకు, చెవిలో ఆకు, కనుబొమలు పచ్చగా. ఎత్తిపోతల పథకం మా కళ్ళముందే కూలిపోయింది. డ్రైవర్ నవ్వి నవ్వి పక్కకి ఒరిగిపోయాడు. (టెరెరేలో గొట్టాన్ని కదపడమే తప్పని, పీకడం గురించి ఎవరూ ఆలోచించను కూడా లేదని మాకు తర్వాత తెలిసింది.)

అవ్వ ఒక్కతే నవ్వలేదు. కొంగులాంటి గుడ్డతో ఆయన మొహం తుడిచి, కప్పులో కొత్త ఆకు నింపి, గొట్టం తుడవకుండానే గుచ్చి, నీళ్ళు పోసి, మళ్ళీ చేతికిచ్చింది. ఈసారి ఆయన తాగేదాకా పక్కనుంచి కదల్లేదు. మా ఆయన కళ్ళు మూసుకుని ఆముదం తాగినట్టు మొదలుపెట్టి, సగంలో కళ్ళు తెరిచి, అడుగంటా పీల్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. డ్రైవర్ ఎంగిలి, బంగారు పన్ను ఎంగిలి, బస్సంతటి ఎంగిలి తాగినవాడు కట్టుకున్న పెళ్ళాం కొరికిన జామకాయకి మాత్రం కత్తి తెచ్చుకున్నాడు. అంతలో అవ్వ కప్పు నింపి నాకు అందించబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వు తాగకు. ఇందాక నేను తాగింది. ముందు కడిగించు” అన్నాడు.

“ఏం? ఊరోళ్ళందరి ఎంగిలి తాగినవ్. నేను తాగితే ఏమైతది?” అన్నాను. గొంతు పెరిగింది. “నేనంటే నీకు గిట్టదని చెప్పరాదు? ఎన్ని దినాలు మోయాలె నేనీ దిగులు?”

తెలుగు ముక్క రాని బస్సు జనమంతా మాటలాపేసి మావైపే చూస్తున్నారు. మొగుడూ పెళ్ళాల తగాదాకి భాష అక్కర్లేదు కదా. మా ఆయన నిజంగా తెల్లబోయాడు. “నువ్వు గిట్టకపోవడమేంటే? నీ ఎంగిలికేం? నువ్వు సగంలో వదిలేసిన దోసెలన్నీ ఎవరు తింటున్నారనుకున్నావ్? నా ఎంగిలే నీకు అంటకూడదు.” ఆగి, నేల చూస్తూ చెప్పాడు. “చిన్నప్పుడు నాకు కామెర్లొచ్చాయి. నేను సగం తాగి పెట్టిన చెరుకురసం చెల్లి తాగేసింది. దానికీ వచ్చాయి. నాకు తగ్గిపోయింది, దానికి తగ్గలా. అది హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ నాయనమ్మ ఒకటే మాట, నీ ఎంగిలే దాన్ని పడేసిందిరా అని.” (ఆ చెల్లెలు ఇప్పుడు అమెరికాలోనే, అల్ఫారెట్టాలో, ఇద్దరు పిల్లల తల్లి. దుక్కలా ఉంది. అన్నగారు ఇన్నేళ్ళు తనకోసం ఎత్తిపోసుకుంటున్నాడని తెలిసి పడీపడీ నవ్వింది, తర్వాత ఏడ్చింది.)

“మరి ఇందాక ఆ సర్కస్ ఎందుకు చేసినవ్?” అన్నాను.

“నా తర్వాత నీ వంతు కదా” అన్నాడు.

జామకాయ, ఐస్‌క్రీమ్, కాఫీ, అన్నీ ఒక్కసారి తలకిందులై కనిపించాయి. నన్ను దూరం పెట్టలేదు ఈ మనిషి, తన్ను తానే దూరం పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను అసహ్యమనుకుని ఏడ్చింది ప్రేమేనని తెలిసేసరికి సిగ్గూ, సంతోషమూ, ఆయనమీద జాలీ కలిసి ముంచుకొచ్చాయి. అవ్వ చేతిలోంచి కప్పు లాక్కుని, ఆయన కళ్ళలోకి చూస్తూనే చివరి చుక్కదాకా పీల్చేశాను. ఆయన నా మొహం ఎంత భయంగా చూశాడంటే, అప్పటికప్పుడు పచ్చబడిపోతానేమోనని వెతుకుతున్నట్టే ఉంది. నాకేమీ కాలేదు. ఇంకా ఇమ్మన్నట్టు కప్పు తిరిగిస్తూ, అమెరికాలో అలవాటైన మర్యాదతో అవ్వకి నిండుగా ‘గ్రాసియాస్’ చెప్పాను.

అదే నేను చేసిన పొరపాటు. తర్వాతి చుట్టులో కప్పు నన్ను దాటుకుని పోయింది. ఆ తర్వాతా అంతే. టెరెరే దగ్గర థాంక్స్ చెప్తే ఇక చాలు, నాకొద్దు అని అర్థమట, డ్రైవర్ పొట్ట నిమిరి సైగలతో వివరించాడు. నాలుక పిడచగట్టుకుపోతుంటే, మా ఆయన మాత్రం దర్జాగా తన వంతు పీలుస్తున్నాడు. పీల్చేవాడు సగంలో ఆగాడు. గొట్టం కొసకేసి చూశాడు, నాకేసి చూశాడు. తన కప్పు మెల్లగా నావైపు జరిపి, “తాగు” అన్నాడు. అడుగంటా తాగకుండా పక్కవాళ్ళకివ్వడం అక్కడ పద్ధతి కాదు. అవ్వ చూసి కూడా చూడనట్టు ఫ్లాస్కు మూత బిగించుకుంటూ కూర్చుంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పొద్దున పెట్టుకున్న టీ, ఫోనొచ్చి పక్కకెళ్ళి వచ్చేసరికి సగమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆఫీసు కాల్‌లో ఉన్న మా ఆయన మూతికి మీగడ అంటుకుని ఉంటుంది, అడిగితే నాకేం తెలుసంటాడు. ఆ బురదరోడ్డు పక్కన కళ్ళొత్తుకుంటూ కూర్చున్న పిల్ల ఇప్పుడెక్కడైనా కనిపిస్తే, “పిచ్చిమొహమా, మొగుడి ఎంగిలికోసం అంతగా ఏడవకే, మున్ముందు నీకంటూ ఒక్క గుక్క మిగలదు” అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదులెండి. ఆ పిల్ల అప్పటికి ఆయన చేతిలో కప్పు అందుకుని ఉంటుంది, నా మాట వినే రకం కాదు.