పనసపుట్టు గట్ల మీద చెడుగుడు

ఇరవై ఏళ్లు వచ్చేదాకా నేను ఆటలను చూసినదానికంటే విన్నదే ఎక్కువ. భీమునిపట్నం దగ్గర మా పల్లెలో మగపిల్లలు ఇసుకలో చెడుగుడు ఆడుతుంటే, ఆడపిల్లలం పెరట్లో పని చేసుకుంటూ కేకలను బట్టి ఎవరు గెలిచారో చెప్పుకునేవాళ్లం. చదువుకోవడానికి విజయనగరం మిషను బడికి వచ్చాక మా హాస్టలు పక్కనే మగపిల్లల మైదానం ఉండేది గాని, మధ్యలో గోడ. బంతి గోడకంటే పైకి లేచినప్పుడు మాత్రమే మాకు ఆట కనబడేది. ఇప్పుడు అదే బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను, గోడ అలాగే ఉంది. మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం మా పెద్ద పంతులమ్మగారు కలకత్తా మైదానాల గురించి పత్రికలో పడిన వ్యాసం చదివి వినిపించారు. చుట్టూ మెట్లు మెట్లుగా బల్లలు వేస్తారట, వేలమంది కూర్చున్నా ఎవరికీ ఎవరూ అడ్డు రారట. "ఆడవాళ్లు కూర్చుంటారాండీ?" అని అడిగాను. "దొరసానులు కూర్చుంటారమ్మా" అన్నారు. నా పక్కన కూర్చున్న మార్తమ్మకు నవ్వొచ్చింది. మార్తమ్మ నాతోపాటు చదివి నాతోపాటే ఉద్యోగంలో చేరిన మనిషి. అరకు కొండల్లో పనసపుట్టు వాళ్ల ఊరు.

"మా ఊళ్లోనూ మెట్లున్నాయి. సైత్రంలో సెడుగుడు ఆడతారు. నువ్వు ఏ మెట్టు మీదైనా కూకో, ఎవుడూ ఏటీ అనడు" అంది.

ఆ మాట పట్టుకునే ఈ ప్రయాణం మొదలైంది. మా ఇంట్లో నాకంటే ముందు అక్షరం నేర్చినవారు లేరు. అందుకని నేను ఏం చేసినా అది చదువు చేసిన పనే అనుకుంటారు. మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏటే గుంటా, ఆట సూడ్డానికి మన్నెం ఎల్తావా? మన్నెం జొరం వత్తే ఎవులు సూత్తారే?" నాన్న మాత్రం మార్తమ్మ తోడుంది కదా, బండి మన సత్తెయ్యదే కదా అని ఒప్పుకున్నాడు. మిషను డాక్టరమ్మగారు క్వినైను మాత్రలిచ్చి, కాచిన నీళ్లు తప్ప తాగవద్దని రెండుసార్లు చెప్పారు.

విజయనగరం నుంచి శృంగవరపుకోటకు మోటారు బస్సు పొద్దున్నే బయలుదేరుతుంది. మనిషికి ఎనిమిది అణాలు. ఆడవాళ్లను డ్రైవరు వెనక బల్ల మీద కూర్చోబెడతారు, దుమ్ము తక్కువ. కోటలో సత్తెయ్య మావ బండి కట్టి సిద్ధంగా ఉన్నాడు. ఆయన కొండకు ఉప్పు, ఎండుచేపలు ఎక్కించి, చింతపండు, పసుపు దించుకొస్తాడు. మాకిద్దరికీ పోనూ రానూ నాలుగు రూపాయలకు ఒప్పుకున్నాడు.

"పంతులమ్మా, కొండ మీద ఉజ్జోగం ఏసినారేటి?" అన్నాడు.

"లేదు మావా, చెడుగుడు చూడ్డానికి."

ఆయన ఎద్దుల్ని ఆపేశాడు. "సెడుగుడా! మా ఈదిలో గుంటలు రోజూ ఆడతన్నారు. నాకో అణా ఇత్తే నానే ఆడి సూపిద్దును. నాలుగు రూపాయిలు దండగ!"

ఘాటీ మొదలయ్యేచోట ఆ రాత్రికి ఆగి, తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాము. బాగా నిటారుగా ఉన్నచోట బండి దిగి నడవాలి, సత్తెయ్య మావ చక్రాల కింద రాళ్లు పెడుతూ ఎద్దులకు ఊపిరి తీసుకోనిస్తాడు. చెట్ల సందుల్లోంచి కిందికి చూస్తే మేము వదిలి వచ్చిన పల్లం ఎండలో తెల్లగా మెరుస్తోంది, మాకు మాత్రం ఇంకా చలి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు పూత మీద ఉన్నాయి. మల్లెపూల గది తలుపు తీసినట్టు ఒక్కసారిగా వాసన కొట్టింది. నడుస్తున్నప్పుడే మార్తమ్మ అసలు సంగతి చెప్పింది.

పోటీ పనసపుట్టుకూ, ఏటి అవతలి ఏటిగూడకూ మధ్య. గెలిచిన ఊళ్లో వచ్చే ఏడు ఆట. ఆటతోపాటే సంత, దింసా నాట్యం, చుట్టాలు, పెళ్లి మాటలు అన్నీ ఆ ఊరికే వస్తాయి. మార్తమ్మ పుట్టకముందు నుంచి ఆట పనసపుట్టు దాటి పోలేదు. గీత గీసే వెదురుకర్ర వాళ్ల ఇంటి చూరులోనే ఉంటుంది, ఆటస్థలం చూసుకునేది వాళ్ల నాన్న బుద్దన్నే. ఆట నిలబెట్టేది అన్న గాసన్న. ఈ ఏడు చలికాలమంతా అతను జ్వరంతో మంచం మీదే ఉన్నాడు.

"మరి ఆడకుండా ఉండొచ్చు కదా?" అన్నాను.

"ఆడకపోతే ఆట పోద్ది. ఆడితే ఊపిరి సాల్దు" అంది మార్తమ్మ.

మర్నాడు మధ్యాహ్నానికి అరకు లోయలోకి దిగాము. అక్కడ బండి వదిలి, పొలాల గట్ల వెంట రెండు గంటలు నడిస్తే పనసపుట్టు. ఊరి వెనక కొండ, చాటలాగా లోపలికి వంగి ఉంది. ఆ వంపులో పైనుంచి కిందిదాకా వరిమళ్లు, ఒక్కొక్క మడికి రాతిగట్టు. కోతలయ్యాక మళ్లన్నీ ఎండిపోయాయి. అట్టడుగున ఉన్న వెడల్పాటి మడిని చదును చేసి, పేడనీళ్లు చల్లి, మధ్యలో గీత గీశారు. అదే మైదానం. పైనున్న మళ్లన్నీ మెట్లు. ఎవరూ ఆటకోసం కట్టలేదు, తిండికోసం కట్టారు. అయినా ఏ గట్టు మీద కూర్చున్నా గీత చక్కగా కనబడుతుంది. ఎదుటి పక్కన నిలువెత్తు నల్లరాతి చరియ ఉంది. మేము వెళ్లేసరికి బుద్దన్న బాబాయి గట్లలో వదులైన రాళ్లను గుద్ది సరిచేస్తున్నాడు.

"మా పిల్లకి సదువు సెప్పిన పంతులమ్మవేనా?" అన్నాడు నన్ను చూసి.

"కాదు బాబాయ్, కలిసి చదువుకున్నాం."

"అయితే మూడో గట్టు మీద కూకో. కిందైతే దుమ్ము, పైనైతే కోడెగాళ్లు."

పోటీనాడు పొద్దెక్కేసరికి గట్లన్నీ నిండిపోయాయి. ముక్కుపోగులు, పూసల పేర్లు, పసుపు పూసిన ముఖాలు, చంకల్లో పిల్లలు. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి కూర్చున్నారు, చుట్ట కాలుస్తున్నారు, ఏటిగూడ ఆటగాళ్లు వస్తుంటే పేరుపేరునా వెక్కిరిస్తున్నారు. "ఓలమ్మ, ఆడి కాళ్లు సూడే, ఆరిక కంకుల్లాగ సన్నంగున్నాయి!" అని మా వెనక ముసలమ్మ అరిస్తే, ఆ కాళ్ల మనిషే ఆగి, "నీ మనవరాలికి నచ్చినాయిలే అప్పా!" అన్నాడు. మూడు గట్ల నవ్వు.

ఆట మొదలయ్యాక తెలిసింది, ఇక్కడి జనం దగ్గర నేర్చుకోవలసినదేమిటో. కూతగాడు గీత దాటి "చెడుగుడు" అని ఊపిరి పట్టగానే గట్లన్నీ నిశ్శబ్దమైపోతాయి. పిల్లల నోళ్లు తల్లులు మూస్తారు. నాకు నోటిదాకా వచ్చిన కేకను మార్తమ్మ మోచేత్తో ఆపింది. కూత తెగిందో లేదో అందరికీ వినబడాలి, అందుకని. కూతగాడు తిరిగి వచ్చాడంటే అప్పుడు విరుచుకుపడే కేకకు చెట్ల మీది పక్షులు లేచిపోతాయి. అంతమంది మనుషులు ఒకేసారి ఊరుకోవడం నేను ప్రార్థనలో కూడా చూడలేదు. తీర్పు చెప్పేది ఎదుటి ఊరి పెద్ద. ఏటిగూడ పెద్ద ఒక బక్కపలచటి మనిషి, చేతిలో వేపకొమ్మ పట్టుకుని గీత పక్కన వంగి నిలబడ్డాడు. కూత నిలిస్తే కొమ్మ ఎత్తుతాడు, తెగితే దించుతాడు.

మొత్తం మూడు ఆటలు. ఇక్కడి పద్ధతిలో ఓడినవాడు బయటికి పోతే ఆ ఆటలో మళ్లీ రాడు. మొదటిది ఏటిగూడ గెలిచింది, రెండోది పనసపుట్టు. గాసన్న నేను ఊహించినట్టు భారీ మనిషి కాడు. జ్వరం వల్ల బుగ్గలు పీక్కుపోయి, పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి. అయినా అతను కూతకు వెళ్తే కాలు నేలకు తగులుతోందా అనిపించేది. ఒకడి చెయ్యి అందుకుంటున్నట్టు చూపి ఇంకొకడి మోకాలు తాకి వచ్చేవాడు. ప్రతిసారీ తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవాడు. మార్తమ్మ తన కొంగు చివర నములుతోంది.

మూడో ఆట చివరికి పనసపుట్టులో గాసన్న ఒక్కడే మిగిలాడు. అవతల ఇద్దరు. కూత అతనిదే. ఇద్దర్నీ తాకి గీత అందుకుంటే ఆట ఇక్కడే ఉంటుంది, లేకపోతే పోతుంది. గట్ల మీద ఎవరూ కదలలేదు.

వెళ్తూనే ఒకణ్ణి తాకాడు. రెండోవాణ్ణి తాకే లోపే ఇద్దరూ అతని కాళ్లు పట్టేశారు, పట్టుకున్నా తాకినట్టే లెక్క. నేల మీద బోర్లా పడ్డాడు. పడినా "గుడు గుడు గుడు" ఆగలేదు. మోచేతుల మీద పాకుతున్నాడు, ఇద్దర్నీ ఈడ్చుకుంటూ. గీత జానెడు దూరం. ముఖం దుమ్ములో కూరుకుపోయింది. "గుడు గుడు" మాత్రం వినిపిస్తూనే ఉంది, చెయ్యి చాచాడు, వేళ్లు గీత మీద పడ్డాయి. ఏటిగూడ పెద్ద చెవి ఒగ్గి విని, వేపకొమ్మ ఎత్తాడు.

నేను ఏం అరిచానో నాకు తెలియదు. మార్తమ్మా నేనూ ఒకరి మీద ఒకరం పడి అరిచాము. కుర్రాళ్లు గట్ల మీద నుంచి దూకుతున్నారు, డప్పులు మొదలయ్యాయి. గాసన్న మోకాళ్ల మీద లేచి, ఊపిరి అందక చెయ్యి ఊపుతున్నాడు. సంతోషంతో ఊపుతున్నాడనుకున్నాము. దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోవడం చూసి డప్పులు కూడా ఆగాయి.

"ఎత్తకు పెద్దయ్యా" అంటున్నాడు. "నాది తెగిపోనాది. గీతకి ముందే తెగిపోనాది."

"నాను ఇన్నాను గదరా, గుడు గుడని" అన్నాడు ఏటిగూడ పెద్ద.

గాసన్న ఎదుట ఉన్న నల్లరాతి చరియను చూపించాడు. "అది కొండ పలికింది. నాను కాదు."

అప్పుడు అర్థమైంది. కేక వేస్తే ఆ చరియ తిరిగి పలుకుతుంది. నోరు మట్టిలో మూసుకుపోయిన ఆ రెప్పపాటులో మేమంతా విన్నది కొండ వెనక్కి పంపిన కూత. అది తెలిసింది అతనొక్కడికే.

"ఎవుడడిగాడ్రా నిన్ను?" అని సొంత ఊరివాళ్లే మీదికొచ్చారు. "ఆళ్ల పెద్దే కొమ్మెత్తితే నీ నోరేటి మద్దిని?" ఒక మేనమామ అతని భుజం పట్టి ఊపేశాడు. మార్తమ్మ కిందికి పరుగెత్తి, "ఒదులు మావా, జొరం మడిసిని!" అని అడ్డం పడింది గాని, ఆమె కళ్లలోనూ కోపమే ఉంది. బుద్దన్న బాబాయి గీత గీసే వెదురుకర్ర తెచ్చి ఏటిగూడ పెద్ద చేతిలో పెట్టాడు.

"రాళ్లు మోసుకుపోలేరు గదా, కర్ర అట్టుకుపోండి" అన్నాడు.

"మా గడ్డ సదును బావా. మీ ఆడోళ్లకి పీటలేత్తాంలే" అన్నాడు ఆయన. తర్వాత ఏటిగూడవాళ్లు దింసా మొదలుపెట్టారు. నడుముల చుట్టూ చేతులు వేసుకుని వరసగా తిరుగుతుంటే, చాలాసేపటికి పనసపుట్టు ఆడవాళ్లూ ఒక్కొక్కరే వెళ్లి కలిశారు.

మర్నాడు పొద్దున్న మేము బయలుదేరేటప్పుడు ఊళ్లో సగం మంది గాసన్నతో ఇంకా మాట్లాడటం లేదు. మా మూటలు నెత్తిన పెట్టుకుని బండిదాకా అతనే వచ్చాడు. దారిలో బుద్దన్న బాబాయి జనం తొక్కిడికి పడిపోయిన గట్టు రాళ్లు ఎత్తుతూ కనబడ్డాడు. ఆట వెళ్లిపోయింది కదా, ఇంకా ఎందుకని అడిగితే, "వానలొత్తే గట్టు కొట్టుకుపోద్దమ్మా, కింద వరి మాదే గదా" అన్నాడు. మార్తమ్మ లోయ దాకా ఉగ్గబట్టుకుని, చివరికి అన్నను అడిగేసింది.

"ఎందుకు సెప్పినావన్నా? నువ్వు తప్ప ఎవులూ ఇనలేదు గదా."

అతను మూట బండిలో పెట్టి, చెమట తుడుచుకున్నాడు. "అంతమందీ నోరు మూసుకుని కూకున్నారు, నా ఊపిరి ఇందామని. ఆళ్లకి కొండ ఊపిరి ఇనిపించి గెలిసినానని ఎలా సెప్పేది?" తర్వాత నవ్వాడు. "ఏటిగూడలో కొండ లేదులే. అక్కడ నాదే ఇనబడతాది."

ఘాటీ దిగుతూ నేను కలకత్తా మైదానాల గురించి ఆలోచించాను. అక్కడ వేలమంది ఒకేసారి అరుస్తారని వ్యాసంలో ఉంది. ఒకే ఒక మనిషి ఊపిరి వినడానికి వేలమంది ఊరుకుంటారని లేదు. నేను చూసిన మొదటి ఆట ఇది. ఆడదాన్నని ఎవరూ లేవమనలేదు, మూడో గట్టు మీద కూర్చుని పొద్దంతా చూశాను. ఇష్టమైనవాళ్లు ఓడిపోయారు. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు దిగులు రాదు, వెన్ను నిటారుగా అవుతుంది. సత్తెయ్య మావకు కథంతా చెప్పాను. నాలుగు రూపాయలు దండగ అన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. మూటలు మోసుకొచ్చిన ఆ గాసన్నకు జ్వరం పూర్తిగా తగ్గిందా అని మాత్రం అడిగాడు.

మీలో ఎవరైనా వచ్చే చైత్రంలో వెళ్లదలిస్తే ఒక్క మాట. పనసపుట్టు దారి పట్టకండి, అక్కడ వరిమళ్లు తప్ప ఏమీ ఉండవు. లోయలో బండి దిగాక ఏరు దాటి ఎడమ పక్క కాలిబాట పట్టుకుంటే ఏటిగూడ. అక్కడ మెట్లు లేవు, నేలంతా చదును, పెందలాడే వెళ్లి గీతకు దగ్గరగా కూర్చోండి. కూత మొదలయ్యాక మాత్రం నోరు మెదపకండి.