ముందు చక్రాలు తిరగని జీపు

పటాన్‌చెరు దగ్గర హైవే పక్కన మిలిటరీ వేలంలో కొన్న పాత జీపులు అమ్మే సేటు ఒకడుండేవాడు. డెబ్బైల మొదట్లో అతని దగ్గర నేనొకటి కొన్నాను. సంగారెడ్డి చుట్టుపక్కల పల్లెల వార్తలు పత్రికకు పంపడం అప్పుడు నా పని. వానాకాలం రేగడి బాటల్లో మోటారు సైకిలు సాగదు.

"నాలుగు చక్రాలు గుంజుతయి సారూ, బురదల గూడ ఆగది" అన్నాడు సేటు. గేరు పక్కన, ముందు చక్రాలకూ బలం కలిపే చిన్న కర్రను ముందుకూ వెనక్కూ ఆడించి చూపించాడు. తారురోడ్డు మీద రెండు మైళ్లు తిప్పి నమ్మేశాను.

తొలి పెద్దవానకే సుల్తాన్‌పూర్ అవతల దిగబడ్డాను. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ముందువి కదల్లేదు. ఆ రోజు చెరువు కట్ట తెగి, నేను చేరలేకపోయిన ఊరు మునిగిన వార్త మర్నాడు పోటీ పత్రికలో వచ్చింది, మా దాంట్లో రాలేదు. ఎడిటరు జిల్లా పని ఇంకొకరికిచ్చి, నన్ను మార్కెట్ ధరలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

మెకానిక్ జీపు కిందికి దూరి చూశాడు. "ముందటి చక్రాలకు పోయే రాడే లేదు సార్. కర్ర ఉత్తగనే ఆడుతది."

సేటును నిలదీస్తే సిగ్గుపడలేదు. "పెట్రోలు తక్కువ తాగుతదని తీసిన. అందరు గట్లనే తీపిస్తరు. మీరు అడగకపోతిరి."

ఏడాది ఆగాను. మళ్లీ వానలు పడ్డాక, ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చిన మా పక్కింటి ఇంజనీరు అదే సేటు దగ్గర జీపు చూడబోతుంటే వెంట వెళ్లాను. సేటు బండిని తారురోడ్డు వైపు తిప్పాడు.

"రోడ్డు మీద వద్దు సేటూ. గా దుక్కిలకు దించు" అన్నాను.

"మట్టంటుతది సారూ."

"మిలిటరీ బండి మట్టికి భయపడ్తదా?"

ఇంజనీరు నవ్వాడు. "అవునండీ, దించి చూపించండి."

కాదంటే బేరం పోతుంది. తెల్ల పైజామాతో సేటే నడిపాడు. పది గజాల్లో ఇరుసుల దాకా కూరుకుపోయింది. ఇంజనీరు గొడుగు విప్పుకుని బస్సుకోసం వెళ్లిపోయాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఎడ్లు వచ్చి బండిని గుంజేదాకా, మోకాళ్లలోతు బురదలో నిలబడి తిట్టుకుంటున్న సేటును సిగరెట్టు కాలుస్తూ చూశాను.

ఒడ్డెక్కి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ రాడ్ నేను బిగిపిస్త సారూ. గీ ముచ్చట ఎవరికి చెప్పకుండ్రి."

తలూపాను. మరుసటి వారం అతని షెడ్డులోనే బిగించారు. అక్కడి నుంచి నేరుగా సంగారెడ్డి బస్టాండు హోటలుకు వెళ్లి, జీపులు కొనే కాంట్రాక్టర్లు కూర్చునే బల్ల దగ్గర టీ చెప్పి, మొదటి నుంచీ వివరంగా చెప్పాను. పల్లెల పని నాకు మళ్లీ దక్కలేదు. పై వానాకాలానికి ఆ షెడ్డుకు తాళం పడింది. నాకు జాలి కలగలేదు.