నేల ఒకరిది, నీళ్లు ఒకరివి

కొల్లేటి ఒడ్డున వరదానానికీ, అతని తమ్ముడు సత్యానందానికీ తండ్రి వదిలిపోయింది ఒక్కటే పల్లపు చేను. వానాకాలమంతా అది నీళ్లలో ఉంటుంది, చేపలు పడతాయి. నీరు తీశాక వరి పండుతుంది. దానికోసం అన్నదమ్ములు ఏలూరు కోర్టుకెక్కారు.

"రాజీ అంటే ఏంటండీ?" అని వరదానం ప్లీడరుగారిని అడిగాడు.

"ఇద్దరూ కొంత వదులుకోవడమయ్యా. నేల నీది, నీళ్లు నీ తమ్ముడివి. ఎవరి కాలం వాళ్లది."

ఎంత సుళువో, బల్ల వెనక కూర్చుని కొల్లేటిని పంచడం! ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

1936 వేసవిలో, వరి పాలుపోసుకుంటూ ఉండగా, అకాల వానకు తమ్మిలేరు పొంగి చేను మునిగింది. నీళ్లొచ్చాయి గనక ఇక అది తమ్ముడిది. సత్యానందం మునిగిన పైరు మీదే వల విసిరాడు. వరదానం గట్టున కూర్చుని చూశాడు.

సాయంత్రం తమ్ముడు ఒక పెద్ద చేపను పంపించాడు. వరదానం భార్య సలోమి దాన్ని కోసి, కత్తిపీట ముందు నుంచే మొగుణ్ణి పిలిచింది.

"ఏవండీ, ఇలా చూడండి."

చేప కడుపు నిండా పచ్చి వడ్లు.

వరదానం ఒక గింజ తీసి గోటితో నొక్కాడు.

"వండెయ్యి," అన్నాడు. "రాజీపడ్డాంగా."