వెనక గేటు తెరిచిన సారు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సు మిల్లుల వైపు తిరగగానే, పత్తి కాలంలో అయితే, కిటికీలోంచి ఒక వాసన లోపలికి వస్తుంది. అప్పుడే గింజ విడిచిన దూది వాసన. కొంచెం నూనె, కొంచెం ఎండ, కొంచెం నల్లరేగడి మట్టి కలిసినట్టు ఉంటుంది. మొన్న కార్తీకంలో ఆ వాసన తగలగానే నా పక్కన కూర్చున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ అద్దం ఇంకాస్త జరిపి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ వాసన వస్తే నాకు వెంకోబరావు సారు గుర్తుకొస్తారు. సారు గుర్తుకొస్తే నవ్వు రాక తప్పదు.

ఆదోనిలో నేను మొదటి ఉద్యోగం చేసిన జిన్నింగ్ మిల్లుకు ఆయన మేనేజరు. పత్తి నుంచి గింజను వేరుచేసి, దూదిని బేళ్ళుగా కట్టి పంపే మిల్లు అది. సారుది తుంగభద్ర ఒడ్డున మాధవరం. తాత, తండ్రి, అన్న అందరూ పంతుళ్ళే. ఈయన ఒక్కడే పత్తిలో పడ్డాడని ఇంట్లో వాళ్ళు ఎగతాళి చేసేవారట. పొట్టి మనిషి. నుదుట మాధ్వులు పెట్టుకునే నల్లని అంగారపు గీత, చొక్కా జేబులో వక్కల పొట్లం. నవ్వితే ముందు పొట్ట కదిలేది, ఆ తర్వాతే శబ్దం వచ్చేది. నేనేమో ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి పిల్లను. కర్నూలులో ఎంబీఏ చదివి, మా వీధిలో ఆఫీసు ఉద్యోగానికి పోయిన మొదటి ఆడపిల్లనని కాస్త గర్వంగానే ఉండేదాన్ని.

మొదటిరోజు నాకు కుర్చీ చూపిస్తారని ఎదురుచూశాను. సారు చెప్పులు తొడుక్కుని, రమ్మని ముందు నడిచారు. మిల్లు చూపిస్తారనుకుంటే గేటు దాటి బయటికి తీసుకుపోయారు. మిల్లు గోడ చుట్టూ ఒక వాడ ఉంది. టీ అంగడి, మంగలి అంగడి, బొరుగుల బట్టీ, ఆటోలు ఆగే చోటు, వాటి వెనక ఇళ్ళు. ఒక ఇంటి ముందు మంచం మీద వడియాలు ఎండబెట్టి ఉన్నాయి. వాటి మీద సన్నగా దూది పేరుకుంది. ఉరుకుందమ్మ అనే పెద్దావిడ ఒక్కొక్క పింజా ఏరుతూ మిల్లును తిట్టుకుంటోంది. సారు ఆ మంచం అంచున కూర్చుని, తిట్లు వింటూనే, తనూ పింజలు ఏరడం మొదలుపెట్టారు. కొంతసేపటికి తిట్లు అయిపోయి, ఆవిడ తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పసాగింది. మేం లేచేటప్పుడు మా ఇద్దరికీ బొరుగులతో చేసిన ఉగ్గాని పెట్టించింది.

తిరిగి వచ్చాక ఏం చూశావని అడిగారు. నేను చదివిన చదువంతా ఒక్కసారి గుర్తుకొచ్చింది. కాగితం తీసుకుని, మా పాఠంలో ఉన్నట్టే మధ్యలో ఒక పెట్టె గీసి మిల్లు అని రాశాను. చుట్టూ గుండ్రాలు గీసి రైతులు, కూలీలు, ప్రభుత్వం, మార్కెట్టు, ఇరుగుపొరుగు అని రాసి, ప్రతి గుండ్రం నుంచి పెట్టెకు బాణం గీశాను. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“బాగుందమ్మా పద్మా. అయితే మధ్యలో మన మిల్లును ఎవురు పెట్టినారు?”

పుస్తకంలో అలాగే ఉంటుందని చెప్పాను.

“ఈసారి మధ్యలో ఊరు పెట్టి గీసి చూడు. మనం ఏ మూలన ఉంటామో అప్పుడు కనపడుతుంది.”

అని వక్క నోట్లో వేసుకుని పత్తి చూడడానికి వెళ్ళిపోయారు. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఆ వారమే మిల్లు దుమ్ము బయటికి వదిలే గొట్టానికి సన్నని జాలీ బిగించారు. వడియాల మీద దూది పడడం చాలావరకు తగ్గింది. ఉరుకుందమ్మ మాత్రం తిట్టడం మానలేదు. అలవాటైపోయిందని తనే ఒప్పుకుంది.

ఆ ఏడు పత్తి బాగా పండింది. ట్రాక్టర్లు మా ముందు గేటు నుంచి వీధి చివరిదాకా నిలబడేవి. అదే సమయంలో వెనక వాడలో బొరుగుల బట్టీ నడిపే ఈరన్న కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకు వాళ్ళది మా ఎమ్మిగనూరే. వాళ్ళ బస్సు సరిగ్గా మా మిల్లు ముందుకు వచ్చి ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ముహూర్తం దగ్గర పడుతోంది. చుట్టూ తిరిగి నడిచి పోదామంటే వాడకు దారి చాలా దూరం. ఈరన్న చెమటలు కక్కుతూ ఆఫీసులోకి వచ్చి, సారు ముందు నిలబడి సంగతి చెప్పాడు.

మిల్లుకు వెనక ఒక గేటు ఉండేది. దాన్ని తెరిచినట్టు ఎవరికీ గుర్తులేదు. సారు ఇద్దరు హమాలీలను పిలిచి, తుప్పు పట్టిన ఆ తాళాన్ని సుత్తితో కొట్టించారు. తర్వాత బస్సు దగ్గరికి తనే వెళ్ళి, పెళ్ళివాళ్ళను ముందు గేటులోంచి లోపలికి రమ్మన్నారు. ఆ దృశ్యం నేను మరిచిపోలేను. ఇంటి ఎత్తు పత్తి కుప్పల మధ్య నుంచి మేళం వాయిస్తూ పెళ్ళికొడుకు నడుస్తున్నాడు. బాసికం మీద, కొత్త చొక్కా మీద, డోలు వాయించే అతని మీసాల మీద దూది వాలుతోంది. పనిచేసే ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి వరుసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ, అక్షింతలు లేక, గుప్పెడు పత్తి తీసి పెళ్ళికొడుకు మీద చల్లింది. ఇంక అందరూ చల్లారు. తెల్లగా అయిపోయిన పెళ్ళికొడుకు వెనక గేటులోంచి బయటపడి, నాలుగు అడుగుల్లో పెళ్ళిపందిట్లో ఉన్నాడు. ఆ పూట మిల్లు నడవలేదు. అందరం పెళ్ళిభోజనానికి పోయాం.

ఆ తర్వాత వెనక గేటు మూతపడలేదు. వాడ పిల్లలు బడికి, ఆడవాళ్ళు మార్కెట్టుకు మిల్లు లోపలి నుంచే, గోడ ఓరగా నడిచి పోవడం మొదలుపెట్టారు. ఈ సంగతి బళ్ళారిలో ఉండే మా యజమానికి తెలిసింది. పత్తి దగ్గర బయటివాళ్ళు తిరిగితే నిప్పు భయమని, గేటు తీసేసి గోడ కట్టించమని ఆయన ఫోనులో చెప్పారు. అందులో తప్పు లేదు. ఒక్క బీడీ ముక్క చాలు. సారు కూడా ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. వాడవాళ్ళను పిలిచి విషయం చెప్పారు. ఆనాటి నుంచి ఎవరైనా బీడీతో గేటు దగ్గరికి వస్తే వాచ్‌మన్ కంటే ముందు ఉరుకుందమ్మ కేకలు వేసేది. అయినా యజమాని మాట మార్చలేదు. ఇటుకలు వచ్చి గేటు పక్కన దిగాయి. సారు ముఖంలో నవ్వు లేని రోజులు నేను చూసినవి అవే. యజమాని మాట కాదంటే ఉద్యోగం పోవచ్చని ఆయనకు తెలుసు. మేస్త్రీ దొరకలేదని ఒకసారి, పత్తి ఒత్తిడని ఒకసారి పని వాయిదా వేస్తూ వచ్చారు.

చివరికి గోడ తన కళ్ళముందే కట్టించాలని యజమాని స్వయంగా వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళ. హమాలీలు చాలామంది ఇళ్ళకు పోయి ఉన్నారు. అంగణంలో రైతులు అప్పుడే దించిన పత్తి, ఇంకా కాటా కూడా వేయనిది, కుప్పలుగా ఉంది. ఉన్నట్టుండి పడమటి వైపు మబ్బు కమ్మింది. ఆ కాలంలో వాన ఎవరూ అనుకోలేదు. మా దగ్గరున్న టార్పాలిన్లు సగం కుప్పలకే సరిపోయాయి. తక్కిన కుప్పల చుట్టూ రైతులు కండువాలు పట్టుకుని దిక్కుతోచక తిరుగుతున్నారు.

మొదట వచ్చినవాడు ఈరన్న. బొరుగుల మూటల మీద కప్పే పట్టా భుజాన వేసుకుని వెనక గేటులోంచి పరుగెత్తాడు. అతని వెనక వాడంతా వచ్చింది. షామియానా గుడ్డలు, ఆటోల పరదాలు, ప్లాస్టిక్ సంచులు కలిపి కుట్టిన పట్టాలు, ఏది దొరికితే అది. గాలికి పట్టా ఎగిరిపోతుంటే ఉరుకుందమ్మ ఒక కొస పట్టుకుంది. రెండో కొస పట్టేవాళ్ళు లేక అటూ ఇటూ చూసి, తెల్లబట్టల్లో ఊరికే నిలబడిన పెద్దమనిషిని చూసింది.

“ఏమప్పా, సూస్తా నిలబడితివే. ఆ కొస పట్టుకో. గట్టిగా పట్టుకోప్పా.”

మా యజమాని పట్టుకున్నారు. ఆయనెవరో ఆవిడకు తెలియదు, చెప్పే తీరిక మాకు లేదు. వాన వెలిసేదాకా ఇద్దరూ ఆ పట్టా కొసలు వదలలేదు. మధ్యలో ఆవిడ ఆయన్ను ఇంకా నాలుగు తిట్లు తిట్టింది. పక్కనే తడుస్తూ నిలబడిన వెంకోబరావు సారు పొట్ట కదలడం నేను చూశాను. ఆ నవ్వు బయటికి రాకుండా ఆపుకోవడానికి ఆయన ఎంత కష్టపడ్డారో దేవుడికే తెలియాలి.

పత్తి దాదాపు అంతా దక్కింది. యజమాని తల తుడుచుకుని, టీ తాగి, గేటు పగటిపూట తెరిచి ఉంచమనీ, రాత్రి తప్పకుండా తాళం వేయమనీ చెప్పి కారెక్కారు. గోడకని తెచ్చిన ఇటుకలతో తర్వాత గేటు పక్కన అరుగు కట్టించారు సారు. వాన పడిన ఆ సాయంత్రం నేను ఉత్సాహం పట్టలేక, మనం దారి ఇచ్చినందుకు వాళ్ళు మనల్ని ఆదుకున్నారని అన్నాను. సారు తల అడ్డంగా ఊపారు.

“మనల్ని కాదమ్మా. ఆ పత్తి ఇంకా మనది కాలేదు గదా, రైతులది. ఈ వాడలో సగం మంది కౌతాళం పక్క పల్లెల నుంచి వచ్చినోళ్ళే. వాళ్ళ అన్నదమ్ములు పండించిందాన్ని వాళ్ళు కాపాడుకున్నారు. మనం అడ్డం లేము. మనం చేసిన మేలు అంతే.”

సారు ఇప్పుడు మాధవరంలో హాయిగా ఉన్నారు. ఫోను చేస్తే పత్తి ధర కంటే ముందు ఉరుకుందమ్మ మోకాళ్ళ సంగతి అడుగుతారు. నేను ఎమ్మిగనూరులో ఒక కుట్టు యూనిట్ చూసుకుంటున్నాను. అందరూ ఆడవాళ్ళే, ఎక్కువమంది మగ్గాలు తగ్గిపోయిన ఇళ్ళవాళ్ళు. మొదట్లో పొద్దున ఎనిమిదికి పని మొదలుపెట్టేవాళ్ళం. రోజూ సగం కుర్చీలు ఖాళీ. ఆలస్యానికి జీతం కోయమని మా కంపెనీ హైదరాబాదు ఆఫీసు చెప్పింది. కోయలేదు. ఆ వీధుల్లో కుళాయి నీళ్ళు వచ్చేది ఎనిమిదికి. బిందెలు నింపకుండా ఏ ఆడమనిషి గడప దాటుతుంది? పని తొమ్మిదిన్నరకు మార్చి, సాయంత్రం ఆ మేరకు పొడిగించాను.

మార్చిన మరునాడు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. కుళాయికీ మన కంపెనీకీ ఏమిటి సంబంధమని అడిగాడు ఒక కుర్ర ఆఫీసరు. నేను గాజు తలుపులోంచి హాలు వైపు చూశాను. తడి ఆరని చీర కుచ్చెళ్ళతో, మాటలాడుకుంటూ, అందరూ వచ్చి కూర్చుంటున్నారు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గడియారం తొమ్మిదిన్నర చూపగానే మిషన్లన్నీ ఒకేసారి మోగాయి. ఆ మోతలో అతని మాట నాకు వినిపించలేదు. నేను తలుపు తెరిచి, ఫోనును హాలు వైపు పట్టుకుని నిలబడ్డాను.