మాజీ అయితేనే మంచోడు

ఓల్డ్ సెటిల్‌మెంట్ ఎలెవన్ ఫుట్‌బాల్ జట్టుకి ఎవరు కోచ్‌గా ఉన్నా తవిటయ్యకి నచ్చడు. ఆ మనిషి కోచ్ పదవి దిగిన మరుక్షణం తెగ నచ్చేస్తాడు. ఖరగ్‌పూర్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఇవాళ పొద్దున్నే రైలు దిగినవాళ్ళయి ఉండాలి.

తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో చక్రాల సెక్షన్లో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరుగా చేశాడు. ఆ సుత్తి మోతల మీదుగా మాట్లాడీ మాట్లాడీ గొంతు మైకులా తయారైంది. పన్నెండేళ్ళ కిందట మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు కాలేదు. మ్యాచ్ ఉన్న రోజు అందరికంటే ముందు మడత కుర్చీ తెచ్చుకుని మైదానం గీత పక్కన వేసుకునేవాడు. బంతి కదలకముందే కోచ్ మీద పడేవాడు.

సిరిల్ కోచ్‌గా ఉన్న ఆరేళ్ళూ ఇదే వరస. సిరిల్ జట్టుకి రెండుసార్లు షీల్డు తెచ్చిపెట్టినవాడు. అయినా సరే, "ఈ మనిషికి బంతి గుండ్రంగా ఉంటాదని ఎవరైనా సెప్పినారేటి?" అని మైదానమంతా వినిపించేలా అడిగేవాడు తవిటయ్య. ఆ సిరిల్‌కి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. తవిటయ్య దండ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాడు. మన ప్లాట్‌ఫారం పొడుగు దేశమంతటికీ తెలిసిందే కదా. రైలు ఇంకా దాన్ని దాటనే లేదు, తవిటయ్య కళ్ళు తుడుచుకుని, "సిరిల్ లాంటి కోచ్ మళ్ళీ పుట్టడు" అనేశాడు.

పక్కనే ఉన్న హరిబాబు తెల్లబోయాడు. "ఏటి మావయ్యా, నిన్న సాయంత్రం కూడా ఆయన్ని కడిగేసినావు కదా?"

"నిన్న ఆయన కోచ్ కదరా" అన్నాడు తవిటయ్య.

ఈ జబ్బు ఫుట్‌బాల్‌తో ఆగేది కాదు. ఇవాళ్టి వానకంటే నిరుటి వాన మంచిది. ఇవాళ్టి చేపల పులుసు చప్పన, నిన్నటిది అమృతం. ఆయన భార్య నూకాలమ్మ దీనికి మందు ఎప్పుడో కనిపెట్టింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన పులుసు కంచంలో వేసి, "నిన్నటిదే, మిగిలిపోయింది" అనేది. తవిటయ్య పొగలు ఊదుకుంటూ తిని, "పులుసంటే ఇదీ. నిన్నెందుకు ఇంత బాగున్నాదని సెప్పలేదు?" అని గదమాయించేవాడు.

"నలభై ఏడేళ్ళ కాపురం. నానొక్కదాన్నే ఇంకా మాజీ అవ్వలేదు. అందుకే తిట్లు తింటన్నాను" అని నూకాలమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకుని నవ్వేది.

ఇలాంటి మనిషి ఉన్న ఊళ్ళో ఈ ఏడు ఒక ఎన్నిక వచ్చిపడింది. జట్టుకి యాభై ఏళ్ళు నిండాయి. పాత కోచ్‌లలో అభిమానులకి బాగా ఇష్టమైనవాణ్ణి ఓట్లేసి ఎన్నుకోవాలనీ, గెలిచినవాడు ఆదివారం హిజ్లీ స్టూడెంట్ల జట్టుతో జరిగే పండగ మ్యాచ్‌కి ఆ ఒక్క పూట హెడ్ కోచ్‌గా ఉండాలనీ తీర్మానించారు. మాజీ కోచ్‌లు మొత్తం ఆరుగురు. క్లబ్బు సెక్రెటరీ హరిబాబు జాబితా రాస్తూ ఐదు పేర్ల దగ్గర కలం ఆపాడు. ఆరో పేరు తనదే.

పంతొమ్మిదేళ్ళ కిందట ఎవరూ దొరక్కపోతే హరిబాబు ఇరవై మూడు రోజులు కోచ్‌గా చేశాడు. మూడు మ్యాచ్‌లు ఆడించాడు. మొదటిది రెండు సున్నా, రెండోది నాలుగు సున్నా, మూడోది ఏడు సున్నా. సున్నా మూడుసార్లూ మనదే. ఆ మూడో మ్యాచ్‌లో చినుకులు పడుతుంటే పాపం గొడుగు వేసుకున్నాడు. తవిటయ్య అరగంటసేపు ఏకబిగిన ఆ గొడుగుని తిట్టాడు. హరిబాబు మర్నాడే మానేశాడు. మావయ్యా మావయ్యా అంటూనే ఉంటాడు గానీ ఆ గొడుగు తిట్లు మాత్రం మనసులోంచి పోలేదు.

"నా పేరెందుకులే మావయ్యా. మూడు మ్యాచ్‌లే కదా" అన్నాడు.

"మూడైతే ఏటి? దిగినావా లేదా? దిగినోడు మాజీయే. రాయి" అని తవిటయ్య బల్ల మీద కొట్టాడు. హరిబాబు రాశాడు.

రాసిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సహించలేదు. గెలవాలని కాదు, ఒక్క ఓటు పడితే చాలు. నెత్తి మీద ఏడు సున్నా ఎలాగూ ఉంది. ఇప్పుడు ఊరందరి ముందూ, ఓట్లు లెక్కపెట్టే కన్నకూతురు స్వాతి ముందూ ఇంకో సున్నా ఎలా మొయ్యాలి? పోనీ తన ఓటు తనే వేసుకుందామంటే, సెక్రెటరీకి ఓటు లేదని రూలు రాసిన పెద్దమనిషి కూడా తనే.

ఆ వారం ఊరు ఊరంతా ఊగిపోయింది. పూరీ గేట్ దగ్గరున్న టీ కొట్లో సిరిల్ వర్గం ఒక బల్ల, మిగతావాళ్ళు ఇంకో బల్ల. వాట్సాప్ గ్రూపులో ముప్ఫై ఏళ్ళ కిందటి గోలు ఆఫ్‌సైడా కాదా అని అన్నదమ్ములు మాటలు మానేశారు. టీ కొట్టు బెంగాలీ దాదా, "ఇంత గొడవ అసెంబ్లీ ఎలక్షన్‌కి కూడా లేదు" అని రెండో కెటిల్ పెట్టాడు. తవిటయ్య ఆరుగురు మాజీల తరఫునా ప్రచారం చేశాడు. ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్ల కోచ్ దేవుడు. విచిత్రమేమిటంటే, ఆ వారం తవిటయ్య కొంతమందిని పక్కకి పిలిచి గుసగుసలాడటం కూడా జనం చూశారు. ఆ గొంతులో గుసగుస ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు గదిలో లెక్కింపు. పాత రైలు గార్డు పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి తాళం తీశారు. కిటికీల్లో కూడా తలకాయలే. స్వాతి మొదటి చీటీ విప్పి, "నాన్నా, ఇది రహస్య ఓటు అన్నావు కదా?" అంది.

"అవును."

"మరి మూలన టోకెన్ నెంబరేటి?"

హరిబాబు చీటీలు తిరగేశాడు. అన్నిటి మీదా ఉన్నాయి నెంబర్లు. వర్క్‌షాపులో సెలవు చీటీ అయినా సామాను చీటీ అయినా పనివాడి టోకెన్ నెంబరు లేకపోతే విసిరి కొడతారు. ముప్ఫై ఏళ్ళు అలా రాసిన చేతులు ఓటు చీటీ మీద కూడా రాసేశాయి. ఆడవాళ్ళు మొగుళ్ళ నెంబర్లు రాశారు. సెటిల్‌మెంట్ కాలనీలో ఎవరి నెంబరు ఎవరిదో చిన్నపిల్లలకి కూడా తెలుసు. రహస్యం అక్కడితో సరి.

"కానీ, చదువు" అన్నారు కిటికీల్లోంచి.

"సిరిల్. సిరిల్. హరిబాబు."

హరిబాబుకి ప్రాణం లేచి వచ్చింది. సున్నా గండం గడిచింది. ఇంక ఏం చదివినా పరవాలేదనుకుని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"హరిబాబు. సిరిల్. హరిబాబు. హరిబాబు."

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. స్వాతి గొంతు పెరుగుతూ పోయింది, గదిలో గొడవ తగ్గుతూ పోయింది. నూట పన్నెండు చీటీలూ అయ్యేసరికి సిరిల్‌కి ముప్ఫై ఒకటి, హరిబాబుకి నలభై ఏడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి సిరిలే లేచాడు. రిటైరై ఊరికి తిరిగొచ్చేశాడు, తన గెలుపు చూసుకుందామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "నా ఓటు కూడా హరిబాబుకే వేసినాను. పాపం సున్నా వస్తాదేమోనని. ఒక్కటేస్తే చాలు, ఎవరికీ సెప్పకు అన్నాడు తవిటయ్య."

"నాకూ అలాగే సెప్పినాడు" అంది కిటికీలోంచి ఒక గొంతు. "నాకూనూ" అంది ఇంకోటి. ఆ తరవాత లెక్క తేలలేదు. ప్రతివాడూ ఆ ఒక్క ఓటూ తనే వేస్తున్నాననుకున్నాడు.

హరిబాబు మొహం మాడిపోయింది. "జాలి ఓట్లు నాకొద్దు మావయ్యా. సిరిల్ గారినే పెట్టండి."

"జాలేటి?" అన్నాడు తవిటయ్య. "నాను అడిగింది పదిమందినే. మిగతా ముప్ఫై ఏడుగురికీ ఆ బుద్ధి ఎలా పుట్టిందో నువ్వే అడుక్కో. నీకు సున్నా రాకూడదని ఇంతమంది అనుకున్నారు. షీల్డు తెచ్చినోడికి కూడా ఇంతమంది లేరు కదరా."

"పదిమందేటి, ఆడోళ్ళకందరికీ నాను సెప్పినాను" అని గుమ్మంలోంచి నూకాలమ్మ అనేసింది. గది గదంతా నవ్వింది. హరిబాబు కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు. ఇంతకీ ఆ ఎన్నికలో చెల్లని ఓటు ఒకటే. పదకొండు వందల నలభై ఏడో నెంబరుది, అంటే తవిటయ్యది. ఆరుగురి పేర్లూ వరసగా రాసి, కింద "అందరూ" అని రాసి గీత గీసి పెట్టాడు.

ఆదివారం మైదానంలో ఇసక వేస్తే రాలనంత జనం. ఇప్పటి కోచ్ సమూయేలు విజిల్ తెచ్చి హరిబాబు మెళ్ళో వేశాడు. ఇరవయ్యో నిమిషంలో హిజ్లీ కుర్రాళ్ళు గోలు కొట్టారు. రెండో సగంలో చినుకులు మొదలయ్యాయి. హరిబాబు అలవాటు కొద్దీ గొడుగు విప్పాడు. మనవాళ్ళు కొట్టిన బంతి ఒకటి గోలు పక్కనుంచి పోయింది. వెనక జనంలో గొణుగుడు లేచింది. "మళ్ళీ ఈయనేనా. ఏడు తప్పవు ఇవాళ. దిగమనండి."

అంతే, మడత కుర్చీ కిర్రుమంది. తవిటయ్య లేచాడు.

"ఓరి హరిబాబూ, ఏటా గొడుగు? మన సెంటర్ ఫార్వర్డు దాన్ని సూసి గోలు అటుందనుకుంటన్నాడు. దాని కర్ర వంకర, అందుకే మనోళ్ళ బంతీ వంకరే. ఆ గొడుగుని కోచ్‌ని సేసి నువ్వు ఇంటికెళ్ళు."

జనం గొల్లుమన్నారు. "పోనీ మావయ్యా, గొడుగేటి సేసింది?" అన్నాడొకడు. "వానొస్తే తడవమంటావేటి ఆయన్ని?" అన్నాడింకొకడు. రెండు నిమిషాల కిందట దిగమన్నవాడే, "ఆయన్నొగ్గెయ్, ఆడించనీ" అని తవిటయ్య మీదకి వచ్చాడు.

హరిబాబు వెనక్కి తిరిగి చూశాడు. పంతొమ్మిదేళ్ళ కిందట ఏడో గోలు పడ్డాక చెప్పులు చేత పట్టుకుని తన మీదకి వచ్చిన జనం గుర్తొచ్చారు. అప్పుడు తవిటయ్య తిట్లతో గొడుగు మీద పడ్డాడు. గొడుగు తప్పో కాదో వాదించుకుంటూ, నవ్వుకుంటూ అందరూ ఇళ్ళకి పోయారు. చెప్పులు ఎవరి కాళ్ళకి వాళ్ళు తొడుక్కున్నారు. ఇన్నేళ్ళూ తను దాచుకున్న కోపం ఎంత దండగో హరిబాబుకి అప్పుడు తెలిసింది. ప్రాణం తేలికైపోయింది. గొడుగు ఇంకా పైకెత్తి, "ఎడం పక్కనుంచి వెళ్ళండిరా" అని గట్టిగా కేక పెట్టాడు.

ఎడం పక్కనుంచే వెళ్ళారు. ఆట ఇంకా మూడు నిమిషాలుందనగా బంతి గోలు స్తంభానికి తగిలి లోపలికి దొర్లింది. హరిబాబు కోచ్‌గా ఉండగా జట్టు కొట్టిన మొట్టమొదటి గోలు అది. గొడుగు గాల్లోకి ఎగిరింది. సిరిల్ పరిగెత్తుకొచ్చి హరిబాబుని ఎత్తేశాడు. స్వాతి ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియలేదు. తవిటయ్య మాత్రం, "ఈ గోలు ఇరవై నిమిషాల కిందట రావలసింది" అని కోచ్‌ని తిడుతూనే ఉన్నాడు.

ఒకటి ఒకటి దగ్గర ఆఖరి విజిల్ మోగింది. హరిబాబు తన మెళ్ళో విజిల్ తీసి సమూయేలు చేతిలో పెట్టాడు. తవిటయ్య కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, పక్కనున్నవాడి భుజం తట్టి, "సూసినావా? హరిబాబు లాంటి కోచ్ మళ్ళీ దొరకడు" అన్నాడు. హరిబాబు తడిసిన గొడుగు మడుచుకుంటూ నవ్వాడు.

తవిటయ్య అప్పటికే బంతులు ఏరుతున్న సమూయేలు వైపు నడుస్తున్నాడు. "ఒరే సమూయేలూ, బంతి పట్టుకోడం కూడా రాదేటిరా నీకు?"