తేదీలు మాత్రమే సరిచేశాను

1999లో, సిడ్నీలోని ఒక ఆఫీసులో, కంప్యూటర్ పట్టికలో తప్పని తెలిసిన ఒక వరుసను చూసి కూడా వదిలేశాను.

విదేశీ సరుకు తెప్పించుకునేవాళ్ళకు ఆయా దేశాల ఆర్థిక పరిస్థితి మీద రిపోర్టులిచ్చే సంస్థ అది. అక్కడ నాది వైటుకే పని. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాలను నాలుగంకెలు చేయాలి. వాటిలోని దేశాల పట్టికలో ఎస్టోనియాకు సొంత రేటింగే లేదు. సోవియట్ రోజుల్లోలాగే రష్యాలో భాగంగా, దాని రేటింగుతోనే పడి ఉంది. రష్యా డబ్బు రూబుల్ కుప్పకూలి ఏడాదయింది. రష్యా రేటింగ్ అట్టడుగున ఉంది.

మా టీమ్ లీడ్, గుంటూరు ఖలీల్ భాయ్‌కి చూపించాను.

“అది మన స్కోప్‌లో లేదు తమ్ముడూ. డేట్లు తప్ప ఏదీ ముట్టుకోకు, టెస్టింగంతా మళ్ళీ మొదటికొస్తుంది” అన్నాడు. స్కోప్ అంటే ఒప్పుకున్న పనికి హద్దు. “కానీ చూశావు గదా, మేనేజర్‌కి ఓ నోట్ రాసి పడెయ్.”

రాయలేదు. ఆ పట్టిక మేనేజర్ తయారుచేసిందే. నా వీసా పొడిగింపు కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నాయి.

రెండు నెలలకు యాన్ అనే పెద్దాయన మా రిపోర్టు పట్టుకుని వచ్చాడు. చిన్నప్పుడే ఎస్టోనియా నుంచి శరణార్థిగా వచ్చినవాడు. అక్కడ మేనల్లుడి వర్క్‌షాపులో చేసిన చెక్క కిటికీలను ఇక్కడి బిల్డర్లకు అమ్ముతాడు. ఆ రిపోర్టు చూసి ఒక బిల్డర్ ఆర్డరు రద్దు చేశాడట. సిస్టమ్ తెలిసినవాడినని ఆయన్ని నా దగ్గరికి పంపారు.

“మాకు స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళయింది. మీ కంప్యూటర్‌కి ఇంకా కబురందలేదా?” అన్నాడు ఇంగ్లీషులో.

స్క్రీన్ మీద ఆ వరుస తెరిచాను.

“రూబుల్ పడ్డప్పుడు మాకూ దెబ్బ తగిలింది, కాదనను. మావాడు ఏడుస్తూ కూర్చోలేదు. రష్యాకు పోవాల్సిన కిటికీలను కోసి, స్వీడన్ కొలతలకు మార్చాడు. చిన్న దేశం బాబూ, ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తట్టక తప్పదు. అంత గాలివానకూ నిలబడ్డాం. ఇప్పుడు మీ ఒక్క కాగితంతో వర్క్‌షాపులో సగంమంది ఇంటికి పోతారు.”

“కంప్యూటర్ తప్పు కాదు సార్. నేను ముందే చూశాను. చెప్పలేదు” అన్నాను.

ఆయన “ఎందుకు?” అని మాత్రం అడిగాడు. వీసా మాట దాటేసి, ఆయన రిపోర్టు నంబరు రాసుకున్నాను.

ఆ రోజే నోట్ రాశాను. మేనేజర్ నా మొహం చూడకుండా దాని మీద సంతకం చేశాడు. వారంలో ఎస్టోనియాకు సొంత రేటింగ్ వచ్చింది. పోయిన ఆర్డరు తిరిగి రాలేదు.

మూడు శనివారాలు యాన్ గారి వ్యాన్‌లో, ఒళ్ళో సాంపుల్ కిటికీ పెట్టుకుని, బిల్డర్ల సైట్లన్నీ తిరిగాను. ప్రతిచోటా ఆయన కిటికీ విప్పేలోపే నేను చెప్పేవాణ్ణి: “ఆ రిపోర్టు తప్పు. తెలిసి వదిలేసింది నేనే.”