దెబ్బ తగలని బండి

ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. నేను లేదన్నాను. అది అబద్ధమని నోటినుంచి వస్తున్నప్పుడే నాకు తెలుసు. ఆ తర్వాత ఇన్నేళ్లూ అది నాతోనే ఉంది. దానివల్ల నాకు నిద్ర పట్టలేదని చెప్పను. పట్టింది. అన్నం సహించింది. కాలేజీలో పాఠాలు చెప్పాను. పెళ్లిళ్లకు పోయి ఫొటోల్లో నిలబడ్డాను. ఇంత పని చేసి కూడా మామూలుగా ఉండగలిగాను కదా, అదే ఇప్పుడు నాకు భయంగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను వనపర్తిలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి. కోడేరు వైపు ఒక దొర దగ్గర ఎర్రటి విదేశీ కారు ఉండేది. రెండే సీట్లు, మడత పడే గుడ్డ టాపు, పొడుగాటి బానెట్టు. బడికి పోయే రోజుల్లో అది దుమ్ము లేపుకుంటూ పోతుంటే సైకిల్ దిగి నిలబడి చూసేవాణ్ని. దొర పోయాక దాన్ని పల్లికాయ బస్తాల కొట్టంలోకి తోసేశారు. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. రెండు వేల మూడులోనో నాలుగులోనో దొర తమ్ముడి కొడుకు దాన్ని అమ్ముతానన్నాడు.

ఆ కారు బాగుచేయడానికి తర్వాత నాతో కష్టపడిన మనిషి బక్కన్న. మా వెనక వీధిలో ఉండేవాడు, పల్లీల మిల్లులో కాపలా పని. ఒకప్పుడు లారీ డ్రైవరు. అప్పటికి ఇరవై ఏళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఖిల్లా ఘణపూర్ రోడ్డు మీద ఒక రైతు చచ్చి పడి ఉన్నాడు. ఏదో బండి గుద్దిపోయింది. ఆ పొద్దు ఆ దారిన వచ్చిందని అందరికీ తెలిసిన బండి బక్కన్న లారీ ఒక్కటే. పోలీసులు అడిగితే, "నిద్రమబ్బుల ఉంటి. ఏమో తగిలినట్టె అయింది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. గుంతలో పడ్డ కుదుపేమో అని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనుకోలేదు. జైలుకు పోయి వచ్చాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు.

చనిపోయిన రైతు భార్య బాలమ్మ. ప్రతి ఏడూ పల్లి పీకే రోజుల్లో బక్కన్న ఆమె చేనుకు పోయి, కూలి తీసుకోకుండా పని చేసి వచ్చేవాడు. తన సద్ది తనే కట్టుకుపోయేవాడు. ఆమె పలకరించేది కాదు. ఈయన ఒక అంచున వంగి పీక్కుంటూ పోయి, పొద్దుగూకే వేళకు బస్సెక్కేవాడు. శవం దగ్గర ఒక్క చెప్పే దొరికిందని, రెండోది ఎంత వెతికినా కనబడలేదని ఆయనే నాకు ఎన్నోసార్లు చెప్పాడు. అది తన లారీకి చిక్కుకుని ఎక్కడో పడిపోయి ఉంటుందని ఆయన నమ్మకం.

కారు కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనుకున్నాను. ఇంజను దగ్గర రేకు మీద కొట్టిన నంబర్లు రాసుకుని, బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చుని, అలాంటి కార్లున్నవాళ్ల సంఘమొకటి విదేశాల్లో ఉంటే వాళ్లకు మెయిల్ పెట్టాను. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. మొదటి యజమాని అడిగి పెట్టించుకున్నవేవో, కంపెనీ మామూలుగా ఇచ్చినవేవో విడమరిచి రాశారు. ఊచల చక్రాలు, చెక్క స్టీరింగు, ముందు రెండు పొగమంచు దీపాలు, హీటరు. పాలమూరు ఎండల్లో హీటరున్న కారు. నాలో నేనే నవ్వుకున్నాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదేమో.

కోడేరు పోయి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. ఎడమవైపు పొగమంచు దీపం ఒక్కటే వేరే రకం, మామూలు లారీలకు పెట్టేది. దాని చుట్టూ రంగు కూడా కొంచెం ముదురు. అక్కడ పని జరిగిందని తెలుస్తూనే ఉంది. ఎవరు చేశారని అడిగితే, దొర బండ్లన్నీ నాగర్‌కర్నూల్‌లో ఖాజామియా అనే డెంటింగ్ మేస్త్రీ చేసేవాడని చెప్పారు. ఒక ఆదివారం బస్సెక్కి పోయాను.

ఖాజామియా ముసలివాడైపోయాడు. దుకాణం కొడుకులు చూసుకుంటున్నారు. కారు పేరు చెప్పగానే గుర్తుపట్టి, చాయ్ తెప్పించాడు. చాలాసేపు ఆ రేకు ఎంత మందమో, ఆ ఎరుపు కలపడానికి ఎన్ని తిప్పలు పడ్డాడో చెప్పాడు. తర్వాత నేను అడగకుండానే గొంతు తగ్గించాడు.

"బర్రె తగిలిందని దొర జెప్పిండు సార్. లైటు పగిలింది, మడ్గార్డు లోపల్కి పోయింది. నేను రేకు గుంజుతుంటె అండ్లకెల్లి తోలుచెప్పు పడ్డది. బర్రె చెప్పులు తొడుగుతదా?"

ఎప్పటి మాట అని అడిగాను.

"ఖిల్లా ఘణపూర్ తొవ్వల రైతు సచ్చిండు గద, ఆ వారమే. అప్పుడు నోరు తెరిస్తె నా దుకాణం ఉంటుండెనా? ఇగ ఇప్పుడు జెప్పి ఏం ఫాయిదా సార్, దొర గూడ పోయె."

చాయ్ తాగేసి వచ్చాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనేం ఆలోచించాను? ఇది మీకు సరిగ్గా చెప్పాలి. బక్కన్న గురించి కాదు. ఎడమవైపుకు జత కుదిరే అసలు దీపం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాను. వనపర్తి దగ్గర పడ్డాక గానీ బక్కన్న గుర్తు రాలేదు. గుర్తు వచ్చినప్పుడు కూడా ముందు తోచింది ఒకటే. ఈ సంగతి బయటపడితే పోలీసులు కారు పట్టుకుపోతారు, స్టేషన్ ఆవరణలో అది ఎండకు వానకు తుప్పు పడుతుంది, నాకు దక్కదు. దొర చనిపోయాడు కదా, ఇప్పుడెవరికి శిక్ష, పాత గాయం ఎందుకు రేపడం, ఇలాంటి మంచి మంచి కారణాలన్నీ తర్వాత నేను కూర్చుకున్నవి. మొదటిది కారే.

కొన్నాను. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాను. బక్కన్న మిల్లు పని అయిపోగానే వచ్చేవాడు. ఇంజను విప్పింది ఆయనే. కార్బొరేటరు కిరసనాయిల్‌తో కడిగి, గుడ్డ మీద ముక్కలు వరసగా పేర్చి, ఒక్కొక్కటీ ఊది చూసేవాడు. డ్రైవరు సీట్లో మాత్రం కూర్చునేవాడు కాదు. ఏదైనా తొక్కి చూడాల్సి వస్తే నన్ను పిలిచేవాడు.

ఒక సాయంత్రం బానెట్టు ఎత్తి, లోపలి నుంచి ఎడమవైపు మడ్గార్డు తడుముతున్నాడు. సుత్తి దెబ్బల గుర్తులు చేతికి తగిలినట్టున్నాయి. చేయి అక్కడే ఆగింది.

"సారు, ఈ బండికి ఎన్నడన్న యాక్సిడెంట్ గిట్ల అయిందా?"

"లేదు బక్కన్నా."

"మరి గీడ రేకు గుంజినట్టున్నది."

"కొట్టంల దీని మీద ఏదో పడిందంట. మనిషికీ పశువుకూ ఏం తగల్లేదు. అన్నీ అడిగి తెలుసుకున్న."

ఆయన చేయి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు. "అయితె మంచిగున్నది సారు. ఎవ్వరి ఉసురు తగలని బండి" అన్నాడు.

అంతే. ఆయన చేయి ఆ రేకు మీద ఉన్నప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు కాదు బక్కన్నా, ఇది. ఎందుకు అనలేదు? కారు అప్పటికే నాది. కేసు అయినా కాకపోయినా ఆయనకొక్కడికి చెవిలో చెప్పవచ్చు. ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు కూడా. బహుశా నేను ఆయన ముందు చిన్నవాణ్నవుతానని. తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? ఆలస్యం చేసిన కొద్దీ చెప్పడం కష్టమైంది, కష్టమైన కొద్దీ ఆలస్యం చేశాను.

కారు నడిచిన మొదటి రోజు బక్కన్నను ఎక్కించుకుని ఖిల్లా ఘణపూర్ రోడ్డు మీదికి పోయాను. కావాలని కాదు, ఆ రోడ్డు కొత్తగా వేశారు, గుంతలు లేవు. ఒకచోట ఆయన, "జర ఆపుండ్రి సారు" అన్నాడు. ఆపాను. దిగి, చెప్పులు విడిచి, రోడ్డు పక్క రాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కారు ముందుభాగం ఆయన వీపుకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇంజను ఆడుతోంది. నేను ఆయిల్ ప్రెషర్ ముల్లు చూస్తూ కూర్చున్నాను. బాగానే ఉంది. ఆయన వచ్చి కూర్చున్నాక, ప్రెషర్ బాగుందని చెప్పాను. తల ఊపాడు.

తర్వాత హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి ఆ కారు కొనుక్కున్నాడు. ఆయనా అడిగాడు, ఎప్పుడైనా గుద్దుకుందా అని. ఈసారి లేదనడానికి ఆలోచించనే లేదు.

ఇంకో రెండేళ్లకు బక్కన్నకు కామెర్లు ముదిరి నాగర్‌కర్నూల్ దవాఖానలో పడ్డాడు. చూడ్డానికి పోయాను. కూతురు సుజాత గద్వాల నుంచి వచ్చి ఉంది. ఆమె మందులకు బయటికి పోయినప్పుడు బక్కన్న నా వైపు తిరిగి, "ఆ మనిషి మొఖం గూడ నేను జూడలే సారు. జూసి ఉంటె మాఫీ అడుగుతుంటి" అన్నాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. మంచం పక్కన నేను తప్ప ఎవరూ లేరు. పండుకో బక్కన్నా అని దుప్పటి సరిచేశాను. దుప్పటి సరిచేశాను, అది నాకు బాగా గుర్తుంది.

నాలుగు రోజులకు పోయాడు. బాలమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. బస్సు దిగి నడిచి వచ్చింది. పాడె దగ్గరికి రాకుండా గోడవారగా కాసేపు నిలబడింది. తర్వాత సుజాత దగ్గరికి పోయి, "ఇన్నేండ్లు నా చేన్ల జేసిండు. ఇగ సాలు బిడ్డా. నా మనసుల ఏం లేదు, మీ నాయనకు జెప్పు" అంది. శవానికి చెప్పమంటోంది. సుజాత ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఒక చేతిలో పూల సంచి ఉంది. చేయని తప్పుకు క్షమాపణ వచ్చింది, అందుకునే మనిషి వినలేడు, చేసినవాడి పేరు తెలిసిన నేను పూలు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు.

మీరు నన్ను ఏమైనా అనవచ్చు. మన్నించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు, ఆయన తరఫున మాట్లాడే హక్కు మీకూ లేదు నాకూ లేదు. గద్వాలలో సుజాత ఉంది, ఖిల్లా ఘణపూర్లో బాలమ్మ ఉంది. వాళ్ల దగ్గరికి పోవాలి. వాళ్లు తలుపు వేసుకుంటారో, కేసు పెడతారో, నా ముఖం మీద ఉమ్ముతారో అది వాళ్ల ఇష్టం. కానీ పోయి నిలబడ్డాక మళ్లీ నోరు పెగలకపోతే? అలా ఒకసారి గద్వాల బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాను కూడా. అందుకే ముందు మీ దగ్గర, తడబడకుండా, ఒక్కసారి పూర్తిగా అని చూసుకుంటున్నాను.

ఖిల్లా ఘణపూర్ రోడ్డు మీద ఆ రైతును చంపింది బక్కన్న లారీ కాదు. దొర కారు. ఆ సంగతి బక్కన్న బతికి ఉండగానే నాకు తెలుసు.

అన్నాను.